కౌబాయ్ సినిమాల్లో ఆ నేల ఎవరిది?

తెలుగు కౌబాయ్ 1971 ఆగస్టు 27న వచ్చాడు. ఆ రోజు కృష్ణ నటించిన ‘మోసగాళ్లకు మోసగాడు’ విడుదలైంది. అంతకు ఏడాదిన్నర ముందు, 1970 ఫిబ్రవరి 3న, షెడ్యూల్డ్ ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలకు చేసిన సవరణ అమల్లోకి వచ్చింది. మనం 1/70 అని పిలుచుకునేది దాన్నే. సినిమా చరిత్ర రాసేవాళ్లు మొదటి తేదీని చెబుతారు, భూమి చరిత్ర రాసేవాళ్లు రెండోదాన్ని చెబుతారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాల్సింది మనమే.

ఇలా చూడాలన్న ఆలోచన ఒక కిరాయి గదిలో మొదలైంది. అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే ఆదివాసీ పిల్లలకు 1/70 ఒక బిట్టు ప్రశ్న. పొద్దంతా చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో దాన్ని బట్టీ పడతాం, రాత్రి గదికొచ్చి ఏదో ఒక సినిమా పెట్టుకుంటాం. నారాయణగూడలో మేం నలుగురం ఉండే గదిలో ఈమధ్య వరసగా పాత ఇంగ్లీషు కౌబాయ్ సినిమాలు చూశాం. ఒకరు ఉట్నూరు వైపు గోండు, ఒకరు భద్రాచలం వైపు కోయ, ఒకరు దేవరకొండ దగ్గరి తండా నుంచి వచ్చిన లంబాడీ. నేను అశ్వారావుపేట వైపు కొండరెడ్డిని.

ముందుగా జాన్ ఫోర్డ్ తీసిన ‘స్టేజ్‌కోచ్’ చూశాం. 1939 నాటిది. బండిలో తొమ్మిది మంది, వాళ్లలో ప్రతి ఒక్కరికీ ఒక కథ ఉంటుంది. వెంటపడే అపాచీలు మాత్రం గుట్ట మీద వరసగా కనబడతారు, కిందికి దిగుతారు, తుపాకి పేలగానే గుర్రాల మీంచి రాలిపోతారు. ఒక్కడికీ మాట లేదు. ‘సినిమా మంచిగనే ఉంది తమ్మీ, కానీ నేనైతే బండిలో కూసోలేకపోయిన, గుట్ట మీదనే నిలబడిన’ అన్నాడు మా గోండు అన్న. లంబాడీ తమ్ముడికి మరొకటి తోచింది. ‘బండ్ల బారును చూస్తే నాకు మా తాతల ఎడ్ల బిడారులు యాదికొస్తయ్ అన్నా. ఉప్పూ ధాన్యం మోసుకుంట దేశమంతా తిరిగినోళ్లం. అయితే మేం ఎవరి నేలనూ మాదని రాసుకోవడానికి పోలేదు’ అన్నాడు. ఆ మాట మీద అర్ధరాత్రి దాకా వాదన నడిచింది. ఉట్నూరు వైపు ఎవరు ఎప్పుడొచ్చారు, ఎవరి భూమి ఎవరి చేతికి పోయింది అన్నది మాకు పుస్తకంలోని పాఠం కాదు గనక ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

ఆ సినిమాలో వెనక కనబడే ఎర్రరాతి స్తంభాలు మాన్యుమెంట్ వ్యాలీవి. అది నవాహో ఆదివాసుల నేల. ఫోర్డ్ తన సినిమాల్లో నవాహోలనే అపాచీలుగానూ ఇతర తెగలవాళ్లుగానూ నిలబెట్టాడు. 1956లో ఆయనే తీసిన ‘ది సెర్చర్స్’లో కమాంచీ నాయకుడి పాత్ర వేసింది జర్మనీలో పుట్టిన ఒక తెల్ల నటుడు. అందులో జాన్ వేన్ చనిపోయిన కమాంచీ కళ్లలోకి తుపాకి పేలుస్తాడు. కళ్లు లేకపోతే అతని ఆత్మకు దారి దొరకదట. పెద్దల ఆత్మలను పేరుపెట్టి పిలిచి ఇంట నిలుపుకునే మనలాంటి వాళ్లకు ఆ దృశ్యం దగ్గర ఊపిరి ఆగుతుంది. ‘ఆ సినిమా తీసినాయనకు మన నమ్మకం తెలుసు, తెలిసే కొట్టించిండు’ అన్నాడు కోయ మిత్రుడు.

ఈ సినిమాల వెనక ఉన్న చరిత్రను నాలుగు మాటల్లో చెప్పొచ్చు. 1830లో అమెరికా ప్రభుత్వం మిసిసిపీ నదికి తూర్పున ఉన్న తెగలను పడమటికి తరలించే చట్టం చేసింది. 1862లో హోమ్‌స్టెడ్ చట్టం తెచ్చి, వలస వచ్చి సేద్యం చేసే ప్రతి కుటుంబానికీ 160 ఎకరాలు ఇస్తామంది. 1887లో తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి, పంచగా మిగిలినదాన్ని బయటివాళ్లకు తెరిచింది. 1890లో వూండెడ్ నీ దగ్గర లకోటా ప్రజలను ఆడా మగా పిల్లా అని చూడకుండా సైన్యం కాల్చి చంపింది. కౌబాయ్ సినిమాలో హీరో గుర్రం మీద దాటే ఖాళీ మైదానం ఇలా ఖాళీ చేయించినదే.

ఆదిలాబాద్‌లో నిజాం సర్కారు అడవికి రిజర్వు హద్దులు గీసినప్పుడు కూడా ఇదే జరిగింది. గోండులు, కోలాములు దున్నుకుంటున్న చేలు రాత్రికి రాత్రి సర్కారు అడవిలో కలిసిపోయాయి. గూడేలను తగలబెట్టి జనాన్ని వెళ్లగొట్టారు. పట్టా కాగితం లేనివాడి భూమి ఖాళీ భూమే అన్నది అక్కడి న్యాయం, ఇక్కడి న్యాయం. కొమురం భీం 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణం పెట్టింది ఈ న్యాయానికి ఎదురు నిలిచే.

మరి తెలుగు కౌబాయ్ ఎక్కడి నుంచి వచ్చాడు? నేరుగా అమెరికా నుంచి రాలేదు, ఇటలీ మీదుగా వచ్చాడు. సెర్జియో లియోనె 1964, 1966 మధ్య తీసిన మూడు డాలర్ల సినిమాలు ప్రపంచమంతా ఆడాయి. వాటిని చాలావరకు స్పెయిన్‌లోని ఎండు నేలల్లో తీశారు. ఆ కథల్లో ఆదివాసులకు చోటే లేదు. డబ్బూ పగా తుపాకీ ఉంటాయి. ఆదివాసిని శత్రువుగా చూపడం పోయింది, ఆదివాసి ఉన్నాడన్న సంగతి కూడా పోయింది.

మనదేశంలో బాగా ఆడిన మరో సినిమా 1969 నాటి ‘మెకన్నాస్ గోల్డ్’. అందులో బంగారం అపాచీలది, దాచిన లోయ వాళ్లది, దాని దారి తెలిసినవాడు వాళ్ల ముసలి పెద్ద. ఆ పెద్ద సినిమా మొదట్లోనే చనిపోతాడు. మిగిలిన సినిమా అంతా ఆ బంగారం కోసం ఇతరులు కొట్టుకోవడమే. మా గదిలో అందరికీ నచ్చిన సినిమా ఇదే. చివర లోయ కూలిపోయే దృశ్యాన్ని రెండుసార్లు చూశాం. ‘బంగారం ఎవరికీ దక్కలేదని అందరూ అంటరు. అసలు వాళ్లకు దక్కకుండ పోయిందని ఒక్కడన్న అంటడా?’ అని అడిగాడు గోండు అన్న.

‘మోసగాళ్లకు మోసగాడు’ ఈ రెండు రకాల సినిమాల నుంచీ ప్రేరణ తీసుకుంది. కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వం, ఆరుద్ర రచన. రాజస్థాన్ ఇసుక నేలల్లో తీసిన ఆ సినిమాను చూసి జనం ఆశ్చర్యపోయారు. దాన్ని ‘ట్రెజర్ హంట్’ పేరుతో ఇంగ్లీషులోకి కూడా మార్చారు. 2023 మే 31న కృష్ణ పుట్టినరోజుకు మళ్లీ విడుదలైంది. పెద్ద బడ్జెట్లు లేని కాలంలో అంత సాహసం చేసినందుకు మెచ్చుకోవాల్సిందే. తర్వాత 1990లో చిరంజీవి ‘కొదమసింహం’, 2002లో మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’ వచ్చాయి. టోపీ, గుర్రం, పిస్తోలు, నిధి అన్నీ తెలుగులోకి వచ్చాయి. కౌబాయ్ కథకు పునాది అయిన ‘ఈ నేల ఎవరిది’ అన్న తగువు మాత్రం రాలేదు. అదే కాలంలో ఆ తగువు శ్రీకాకుళం కొండల్లో తుపాకులతో నడుస్తోంది. దాన్ని ఆపడానికే సర్కారు 1/70 తెచ్చిందని మనకు తెలుసు. గుర్రాల్ని రాజస్థాన్ దాకా తీసుకెళ్లగలిగిన కథ, పక్కనున్న కొండెక్కలేదు.

ఎక్కింది కూడా కృష్ణే, 1974లో ‘అల్లూరి సీతారామరాజు’తో. చింతపల్లి అడవుల్లో తీశారు. దర్శకుడు వి. రామచంద్రరావు మధ్యలో చనిపోతే పోరాట దృశ్యాలను తీసింది కౌబాయ్ సినిమా తీసిన కె.ఎస్.ఆర్. దాసే. కొండ మీద మాటు, కింద దారిలో తెల్లదొరల పటాలం. స్టేజ్‌కోచ్‌లో గుట్ట మీద నిలబడిన వాళ్ల వైపు ఇక్కడ కెమెరా నిలబడింది. అందుకే ఆ సినిమా అంటే మనవాళ్లకు ఇప్పటికీ ఇష్టం. కానీ అక్కడా దారి చూపేవాడు బయటి నుంచి వస్తాడు, మనవాళ్లు వెనక నడుస్తారు. గాం గంటం దొర, మల్లు దొర ఎవరు, ముఠాదార్ల హక్కులు ఎలా పోయాయి అన్నది పక్కకు పోతుంది.

కొమురం భీం మీద అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన సినిమా థియేటర్లకు రావడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 2010లో వచ్చింది. 2022లో ‘ఆర్.ఆర్.ఆర్.’కి మాత్రం చిక్కడపల్లి పక్కనే ఉన్న ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ జనంతో నిండిపోయింది. భీం పేరు ప్రపంచానికి తెలిసింది, సంతోషమే. అయితే ఆ సినిమా చివర భీం తనకు చదువు చెప్పమని సీతారామరాజును అడుగుతాడు. భీం ఊళ్లు తిరిగిన రోజుల్లోనే చదవడం రాయడం నేర్చుకున్నాడని మన పెద్దలు చెప్పుకుంటారు. ఈ చిన్న మార్పులో గురువు ఎవరు, శిష్యుడు ఎవరన్నది తేలిపోయింది.

2021లో వచ్చిన ‘పుష్ప’ కథ శేషాచలం ఎర్రచందనానిది, తీసింది మా కొండరెడ్లుండే మారేడుమిల్లి అడవుల్లో. మాన్యుమెంట్ వ్యాలీలో నవాహోలకు జరిగిందే ఇది. మన అడవి ఇంకో అడవిగా తెర మీదికి ఎక్కింది, అక్కడ ఉండేవాళ్లు ఎక్కడా లేరు.

నవాహోలు ఈ సంగతిని వదిలేయలేదు. 2021లో లియోనె సినిమా ‘ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్’ను తమ భాషలోకి మార్చుకుని తామే చూశారు. తమకు చోటివ్వని రకం కథకు తమ గొంతు ఇచ్చారు. పిల్లలకు భాష నిలవాలన్నది వాళ్ల లెక్క. గోండి, కోయ, కొలామి మాట్లాడేవాళ్లు మన దగ్గర లక్షల్లో ఉన్నారు. ఆ పని ఇక్కడా చేయొచ్చు. దానికి స్టూడియోనే అక్కర్లేదు, ఒక ఫోనూ నలుగురు మాట్లాడేవాళ్లూ చాలు.

అందాకా మేం ఒక నోటుబుక్కు పెట్టాం. చూసిన ప్రతి సినిమా పేరు రాసి, దాని పక్కన అది తీసిన నేల ఎవరిదో, ఆ నేల మీద వాళ్లకు ఇప్పుడు ఏ హక్కు ఉందో రాస్తున్నాం. మాన్యుమెంట్ వ్యాలీ పక్కన రాసింది: నవాహోలు, ఇప్పటికీ వాళ్ల తెగ ప్రభుత్వం చేతిలోనే ఉంది. చింతపల్లి, మారేడుమిల్లి పక్కన ఎవరి నేలో రాశాం. హక్కుల గడి నింపడానికి ఆ గూడేలకు వెళ్లి పట్టాలు చూడాలి. పరీక్షలు అయ్యాక మొదట వెళ్లేది మారేడుమిల్లికి.