తెల్లకణాల పనితీరు, ఆక్సీకరణ ఒత్తిడి: పరీక్షల చరిత్ర

మొఘల్‌పురాలో గానీ హైదరాబాద్ పాతబస్తీలోని మరే పేటలో గానీ పిల్లవాడికి జ్వరం తగ్గకపోతే డాక్టరు ముందుగా రాసేది సీబీపీ. నెత్తుటిలో తెల్లకణాలు ఎన్ని ఉన్నాయో అది చెబుతుంది. ఆ కణాలు బ్యాక్టీరియాను మింగి చంపగలవో లేదో చెప్పదు. ఈ రెండో ప్రశ్నకు జవాబు చెప్పే పరీక్షల చరిత్రలో హైదరాబాద్‌కు గౌరవప్రదమైన చోటుంది. అది దక్కింది చాలినంత తిండి లేక చిక్కిపోయిన పిల్లల మీద జరిగిన పరిశోధన వల్ల.

తెల్లకణం సూక్ష్మజీవిని మింగగానే ఒక్కసారిగా ఎక్కువ ఆక్సిజన్ పీల్చుకుంటుందని 1933లో బాల్డ్‌రిడ్జ్, జెరార్డ్ గమనించారు. ఆ ఆక్సిజన్ సూపర్ ఆక్సైడ్‌గా మారుతుందని 1973లో బాబియర్ బృందం చూపింది. దాని నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. శత్రువును చంపే ఈ రసాయనాలే అదుపు తప్పితే సొంత కణజాలాన్ని దెబ్బతీస్తాయి. ఈ స్థితికి ఆక్సీకరణ ఒత్తిడి అన్న పేరును 1985లో హెల్ముట్ సీస్ స్థిరపరిచారు. తెల్లకణాల పనితీరును కొలిచే పరీక్షలకూ, ఆక్సీకరణ ఒత్తిడిని కొలిచే పరీక్షలకూ మూలం ఒకటే కాబట్టి వీటిని విడదీసి చెప్పడం కుదరదు.

హైదరాబాద్‌లో ఈ పరిశోధనకు వేదికైన జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధన కోసం చిన్న ప్రయోగశాలగా మొదలై, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది. ఇప్పటి పేరు 1969లో వచ్చింది. ఆక్సిజన్ వాడకానికీ కణం మింగే పనికీ ఉన్న సంబంధంపై అమెరికాలో స్బారాతో కలిసి 1966లో నేచర్ పత్రికలో రాసిన ఆర్.జె. సెల్వరాజ్, 1972లో కె.ఎస్. భట్‌తో కలిసి ఇక్కడి నుంచి ప్రోటీన్-కేలరీ లోపమున్న పిల్లల తెల్లకణాలపై పరిశోధన ప్రచురించారు. 1975లో భాస్కరం, వినోదినీ రెడ్డి ఇనుము లోపించిన పిల్లల తెల్లకణాల్లో బ్యాక్టీరియాను చంపే శక్తి తగ్గిందని, ఇనుము ఇచ్చాక అది పుంజుకుందని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో చూపారు. తిండి లేని పిల్లలకు జబ్బులు ఎక్కువగా ఎందుకొస్తాయన్న ప్రశ్న దీనితో ప్రయోగశాలలో కొలవగలిగేదైంది. ఈ చరిత్రలో అన్నిటికన్నా విలువైన మలుపు ఇదే.

చంపే శక్తిని కొలిచే అప్పటి పద్ధతికి ఓపిక కావాలి. వేరుచేసిన తెల్లకణాలను, లెక్క తెలిసిన బ్యాక్టీరియాను, కాస్త సీరంను ఒకే గొట్టంలో కలిపి 37 డిగ్రీల వద్ద కదుపుతూ ఉంచాలి. మధ్యమధ్యలో కొంచెం తీసి, స్వేదనజలంతో కణాలను పగలగొట్టి, అగార్ పళ్లెంలో పరచాలి. మర్నాడు మొలిచిన కాలనీలను లెక్కిస్తే ఎన్ని చచ్చాయో, ఎన్ని బతికాయో తేలుతుంది.

రంగు పరీక్షలు ఈ పనిని సులువు చేశాయి. రంగు గాఢతను బట్టి నెత్తుటిలోని పదార్థాన్ని కొలిచే విద్యలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు ముందువరుసలో ఉంటుంది. ఫాస్ఫరస్ కొలిచేందుకు ఫిస్కేతో కలిసి ఆయన 1925లో ప్రకటించిన నీలిరంగు పద్ధతి తరతరాలుగా ప్రయోగశాలల్లో నిలిచింది. 1960ల చివర్లో వచ్చిన ఎన్‌బీటీ (నైట్రోబ్లూ టెట్రజోలియం) పరీక్షలోనూ నీలమే సాక్ష్యం. పసుపు రంగు ద్రావణం కలిపి, కణాలను ఉత్తేజపరిచి స్లైడు వేస్తే, సూపర్ ఆక్సైడ్ తయారుచేసిన కణం నిండా ముదురు నీలి రేణువులు కనిపిస్తాయి. తెల్లకణాలు సూపర్ ఆక్సైడ్‌ను తయారుచేయలేని వంశపారంపర్య జబ్బు క్రానిక్ గ్రాన్యులోమేటస్ డిసీజ్ ఉన్న పిల్లల కణాల్లో ఆ నీలం రాదు. ఈ జబ్బులో కొన్ని రకాలు తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే వస్తాయి. మేనరికాలు, దగ్గరి సంబంధాలు ఎక్కువగా ఉన్న తెలుగు నేల మీద ఈ పరీక్ష అవసరం మరీ ఎక్కువ.

ఆక్సీకరణ ఒత్తిడికి పాత కొలత థయోబార్బిట్యూరిక్ ఆమ్ల పరీక్ష. ప్లాస్మాను ఆ ఆమ్లంతో కలిపి మరిగిస్తే, ఆక్సీకరణతో చెడిన కొవ్వు ఉన్నమేరకు గులాబీ రంగు తేలుతుంది; 532 నానోమీటర్ల వద్ద చదువుతారు. చవకైనదే, కానీ చక్కెరలు, బిలిరుబిన్ కూడా రీడింగును పెంచగలవు. ఒక్క ఈ అంకెనే పట్టుకుని మనిషి ఆరోగ్యం తేల్చడం తప్పు.

ఇక తెల్లకణాల పనితీరుకు వస్తే, ఇప్పుడు ఎన్‌బీటీ స్థానంలో డీహెచ్‌ఆర్ (డైహైడ్రోరోడమైన్) పరీక్ష వచ్చింది. హైడ్రోజన్ పెరాక్సైడ్ వల్ల మెరిసే రంగును ఫ్లో సైటోమీటర్ వేలకొద్దీ కణాల్లో చదువుతుంది. ఈ జబ్బులో X క్రోమోజోమ్ ద్వారా వచ్చే రకంలో, ఆ జన్యువును మోసే తల్లి నెత్తుటిలో మెరిసేవి, మెరవనివి రెండు గుంపులుగా విడిపోయి కనిపిస్తాయి. నెత్తురును హెపారిన్ గొట్టంలో తీసి, ఆలస్యం లేకుండా ప్రయోగశాలకు చేర్చాలి. ఈ పరీక్షలో చూసే తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, గొట్టంలో ఎక్కువసేపు బతకవు. రోగి నెత్తురుతో పాటు అదే సమయంలో తీసిన ఆరోగ్యవంతుడి నెత్తురూ పంపాలి. కణాలు మెరవకపోవడం జబ్బు వల్లనా, దారిలో పాడవడం వల్లనా అన్నది ఆ రెండో గొట్టాన్ని బట్టే తేలుతుంది.