విమానములో పసిబిడ్డ

పసిబిడ్డను తొలిసారి ఊరు దాటించునపుడు మన ఇండ్లలో జరుగు సన్నాహము సామాన్యమైనది కాదు. వర్జ్యము చూతురు, బుగ్గన దిష్టిచుక్క పెట్టుదురు, కాచి చల్లార్చిన నీటికొక చెంబు, మెత్తని పాతచీర ముక్కలొక మూట సిద్ధపరతురు. ఎడ్లబండికిని, రైలుబండికిని ఈ సన్నాహము సరిపోయినది. విమానమునకు ఇది కొంతవరకే చాలును. మిగిలిన దేమిటో విమానములు నడుపువారికే తెలిసివచ్చుటకు చాలకాలము పట్టినది. ఆ కథనే ఇచ్చట చెప్పదలచితిమి.

1903 డిసెంబరు 17వ తేదీన రైటు సోదరులు ఎగురవేసిన యంత్రములో ఒక్క మనిషికే చోటు. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీనుండి బొంబాయికి తెచ్చినవి ఉత్తరముల సంచులు. అయితే అంతకు రెండేండ్ల ముందే, 1930 మే 15న, అమెరికాలో ఎలెన్ చర్చ్ అను నర్సు విమానపరిచారికగా తొలి ప్రయాణము చేసినది. ఆమెతో కలిపి ఎనిమిదిమంది నర్సులను ఆ కంపెనీ నియమించినది. ప్రయాణికులలో జబ్బుపడువారును, భయపడువారును ఉందురని ఒప్పుకొన్న తరువాతనే విమానము కుటుంబముల వాహనమగుటకు దారి ఏర్పడినది.

మన హైదరాబాదులో 1945లో స్థాపితమైన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేటనుండి డకోటా విమానములను నడిపినది. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్ కార్పొరేషన్‌లో లీనమైనది. డకోటా లోపలి గాలిని ఒత్తిడి తగ్గకుండ నిలుపు ఏర్పాటు లేనిది. కావున పైకెగిరినను, క్రిందికి దిగినను ఆ మార్పంతయు ప్రయాణికుల చెవులకే తెలియును. మన దేశపు విమానములలో పళ్లెముతో పెప్పరమెంటు బిళ్లలు, దూది తెచ్చియిచ్చు ఆచారము ఉండెడిది. అది పెండ్లివారికి చేయు మర్యాదవంటిదని తలచినవారును లేకపోలేదు. బిళ్ల చప్పరించినచో మాటిమాటికి గుటక పడును. గుటక పడినపుడెల్ల చెవిలోనుండి గొంతువెనుకకు పోవు సన్నని గొట్టము తెరచుకొని, లోపలి గాలి బయటి గాలితో సమమగును. పసివారిలో ఈ గొట్టము మరింత సన్నము. అందుచే త్వరగా మూసుకొనును. పడిశము పట్టిన బిడ్డకు బాధ మరియు హెచ్చు. ఒత్తిడి నిలుపు విమానములు 1940లో ప్రయాణికుల సేవకు వచ్చినవి. కాని నేటి విమానములలోని గాలి సైతము ఆరు, ఎనిమిదివేల అడుగుల కొండమీది గాలివంటిదే. బిడ్డకు పెప్పరమెంటు ఇయ్యరాదు గనుక తల్లిపాలే మందు.

చెవి సంగతి తెలిసిన పిమ్మట కంపెనీలవారు బిడ్డ మనస్సును తలచిరి. 1957లో బ్రిటిషు కంపెనీ బి. ఓ. ఏ. సి. పిల్లలకొరకు జూనియర్ జెట్ క్లబ్ పెట్టి, ఒక బిళ్లయు, ఒక చిన్నపుస్తకమును ఇచ్చెడిది. ఎన్ని మైళ్లు ఎగిరినది ఆ పుస్తకములో వ్రాసి, విమానము నడుపు కెప్టెన్ సంతకము చేసెడివాడు. ఇది బేరము పెంచుకొను ఉపాయమే. అయినను పిల్లవానికి తానును ఒక ప్రయాణికుడనని తోచుట చిన్నవిషయము కాదు.

శిశువులకు సామాను అరనుండి వ్రేలాడదీయు ఊయలయు ఆ రోజులలో ఉండెడిది. నేడు ఎదుటి గోడకు తగిలించు తొట్టి కలదు. కాని బెల్టు పెట్టుకొనుడని దీపము వెలుగగానే బిడ్డను తొట్టినుండి తీయవలెను. అనగా కుదుపు వచ్చు వేళకు బిడ్డ మరల ఒడిలోనికే చేరును.

ఈ ఒడి ఎంతమాత్రము భద్రమని 1989 జులై 19న తీవ్రమైన ప్రశ్న పుట్టినది. డెన్వరునుండి చికాగో పోవు డి. సి. 10 విమానము యంత్రము చెడి, సూ సిటీలో నేలకూలినది. అందున్న 296 మందిలో 112 మంది మరణించిరి. ఒడిబిడ్డలు నలుగురు. బిడ్డలను కాళ్లకడ నేలమీద పరుండబెట్టి పట్టుకొనుడని, నాటి నియమము ప్రకారము, ప్రధాన పరిచారిక జాన్ బ్రౌన్ తల్లులకు చెప్పినది. ఆ నలుగురిలో ఒకడు దక్కలేదు. నాటినుండి ఆమె ప్రతి బిడ్డకును వేరు సీటు, వేరు కట్టు ఉండవలెనని ఏండ్ల తరబడి పోరాడినది. 1990లో అమెరికా ప్రమాదవిచారణ సంఘమును అట్లే కోరినది. విమానశాఖ అంగీకరింపలేదు. టికెట్టు కొనవలసివచ్చిన తల్లిదండ్రులు కారులో పోదురు, రోడ్డుమీద అంతకంటె ఎక్కువమంది మరణింతురని వారి వాదము. లెక్క తప్పు కాకపోవచ్చును. కాని ఒడిలో బిడ్డనుంచుకొన్న తల్లి ఆ లెక్కతో ఏమి చేయగలదో మాకు తెలియదు.

నేటికిని రెండేండ్లు నిండని బిడ్డ ఒడిలో పోవచ్చును. మన దేశములో తల్లి బెల్టునకు తగిలించు చిన్నబెల్టు ఇత్తురు. అమెరికా కంపెనీల విమానములలో ఎగురునపుడును, దిగునపుడును దానిని ఒప్పరు.

2008 మార్చినుండి బేగంపేటకు బదులు శంషాబాదు మన విమానాశ్రయమైనది. అచ్చటినుండి మనుమలను ఎత్తుకొని అమెరికా పోవు అమ్మమ్మలు ఎందరో. బిడ్డకు వేరు సీటు కొనగలిగినచో, విమానమునకు పనికివచ్చునని ముద్ర గల పిల్లల కుర్చీని ముందే సంపాదించి, నాలుగు రోజులు ఇంటిలోనే దానియందు కూర్చుండబెట్టి అలవాటు చేయుట మేలు. నిద్రపోవు బిడ్డను లేపరాదని మన పెద్దలమాట. విమానము దిగనారంభించినపుడు మాత్రము లేపి పాలు పట్టవలెను. ఆ దిగుట, నేల తాకుటకు సుమారు అరగంట ముందే మొదలగును.