కుక్కపిల్లకు చదువు – బెత్తం నుంచి బుజ్జగింపు దాకా

కుక్క మాట వినకపోతే మన చెయ్యి ముందు కర్ర మీదికే పోతుంది కదూ? పూర్వం శిక్షకులదీ అదే తీరు సుమండీ. 1910లో జర్మనీలో కోన్రాడ్ మోస్ట్ రాసిన శిక్షణ పుస్తకంలో మెచ్చుకోలుతోబాటు బెత్తమూ, మెడపట్టీ గుంజడమూ ఉన్నాయి.

1951లో అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికలో వేరే దారి చెప్పారు. నొక్కితే టిక్కుమనే ఆటబొమ్మ మోగించి, వెంటనే తినడానికి ముక్క పెట్టాలి. కొన్నాళ్ళకు ఆ చప్పుడే కుక్కకు ‘శభాష్’ అవుతుంది. ఆపైన అది కూర్చున్న క్షణంలోనే టిక్కుమనిపించాలి. ఆలస్యం చేస్తే, లేచినందుకు మెచ్చుకున్నారనుకుంటుంది!

బొమ్మ లేకపోతే నాలుకతో ‘టక్’ మన్నా చాలు. ‘కూర్చో’ వచ్చాక ‘షేక్‌హాండ్’ నేర్పండి. దెబ్బలు తిన్న కుక్క, పాపాయి నిమరబోయినా బెదిరి కరవవచ్చు. అందుకే కర్ర అటకెక్కించి, చేతిలో రొట్టెముక్క ఉంచుకోండి.