కాలిడోనియను కాలువ గట్టు

స్కాట్లండు పటమును విప్పి చూచినచో, నైరృతి తీరమునుండి ఈశాన్య తీరమువరకు కొలబద్ద పెట్టి గీచినట్లొక లోయ కానవచ్చును. అందు లోఖీ, ఓయిఖ్, నెస్ మున్నగు సరస్సులు వరుసగా నున్నవి. వానిని కలుపుచు త్రవ్వబడినదే కాలిడోనియను కాలువ. 60 మైళ్ల ఈ జలమార్గమున మనుష్యులు త్రవ్వినది 22 మైళ్లు. తక్కినది ప్రకృతి యిచ్చినది. దాని వెంబడి ఫోర్టు విలియము మొదలు ఇన్వర్నెస్ వరకు 2002లో ఒక కాలిబాట ఏర్పడినది. ఆ బాట నడువగోరువారు బసకును, ఆహారమునకును ముందుగా ఏర్పాటు చేసికొనుట ఎంత యావశ్యకమో, ఆ గట్టు చరిత్ర నెఱుగుటయు నంత యావశ్యకము.

పదునెనిమిదవ శతాబ్దాంతమున ఆ మన్యసీమలో భూస్వాములు, గొఱ్ఱెల మందలు లాభకరములని తలచి, తరతరములుగా నేల దున్నుకొనుచున్న కౌలుదార్లను వెడలగొట్ట మొదలిడిరి. ఇల్లు వాకిలి కోల్పోయిన జనులు ఓడలెక్కి అమెరికాకు పోవుచుండిరి. ప్రభుత్వము థామస్ టెల్ఫర్డును విచారింప నియమించెను. అతడు 1757లో ఒక గొఱ్ఱెలకాపరి కింట పుట్టి, రాతిపనితో జీవితమారంభించిన యింజనీరు. బాటలు, వంతెనలు, కాలువ నిర్మించినచో బీదలకు పని దొరకును, వలస తగ్గును, ఓడలకు ఉత్తరసముద్రపు గండము తప్పును అని యాతని యభిప్రాయము. 1803లో పార్లమెంటు సమ్మతించెను.

ఏడేండ్లలో ముగియునన్న పనికి పందొమ్మిదేండ్లు పట్టెను. వ్యయము దాదాపు రెట్టింపయ్యెను. 1822లో కాలువ తెఱవబడునప్పటికి ఫ్రెంచి యుద్ధము ముగిసి యేడేండ్లయ్యెను. పిమ్మట ఓడలు పెద్దవైనకొలది కాలువ చాలకపోయెను.

ఇక వలస మాట యేమి? కూలీలు కోతల కాలమునను, చేపలవేట కాలమునను పారలు వదలి పోవుచుండిరి. దీనిని సోమరితనమనుట న్యాయము కాదు. కూలి ఆ దినపు ఆకలి తీర్చును. చేను ఏడాది పొడుగున కాపాడును. ఈ భేదము వారెఱుగుదురు. కాలువ త్రవ్వుచుండిన యాకాలముననే, 1814లోను 1819లోను, ఉత్తరమున సదర్లండు సీమలో కౌలుదార్ల యిండ్లు ఖాళీ చేయింపబడినవి. చిన్న కౌలుదార్లకు తమ నేలపై స్థిరమైన హక్కు 1886 నాటి శాసనమువలన గాని లభింపలేదు. పని కల్పించుట పుణ్యమే. కాని హక్కునకు బదులుగా కూలి నిచ్చి తృప్తిపడు సంస్కరణము సగము సంస్కరణమే.

బాట సుమారు 75 మైళ్లు. ఆఱు దినములుగా పంచుకొనుట సుకరము: గేర్లోఖీ, లాగన్, ఫోర్టు అగస్టసు, ఇన్వర్‌మోరిస్టన్, డ్రమ్‌నడ్రాఖిట్, ఇన్వర్నెస్. పడమటనుండి తూర్పునకు నడచినచో గాలి సాధారణముగా వెన్నునకు తగులును. కడపటి దినపు నడక 18 మైళ్లకు మించును గావున, ఆహారము వెంట నుంచుకొనవలెను. టెల్ఫర్డు వంటివాని లెక్కయే తప్పినది గనుక, ఒక దినము అదనముగా నుంచుకొనుట వివేకము.

తొలిదినముననే బానవీ యొద్ద ఎనిమిది లాకులు మెట్లవలె నొకదానిపై నొకటి 64 అడుగు లెక్కుచున్నవి. మన గోదావరి కాలువల లాకుల నెఱిగినవారి కవి క్రొత్తగా తోచవు. అచ్చట కొంతసేపు నిలిచి చూడవలెను. ఆ రాళ్లను మోసిన చేతుల పేర్లు ఏ ఫలకముపైనను లేవు. వారి శ్రమపైననే మనము నడచుచున్నాము.