ముడంగియారు అంటే రోడ్డు కాదు, ఏరు



చోళపురం నుంచి పడమటికి చూస్తే కొండలు ఎప్పుడూ కనబడుతూనే ఉంటాయి. ఐప్పశి నెలలో వాటి మీద మబ్బు కూర్చుంటే మన పెద్దవాళ్లు "ఇవాళ ఏటికి నీళ్లొస్తాయి" అనేవారు. ముడంగియారు ఎక్కడ అని ఇప్పటి పిల్లల్ని అడిగితే రోడ్డు చూపిస్తారు. ఆ రోడ్డుకు పేరిచ్చిన ఏటి గురించి ఈసారి రాస్తున్నాం.

రాజపాళయానికి పడమట, కొండ అడుగున నీర్‌కాత్త అయ్యనార్ కోవిల ఉంది కదా. పాలారు, నీరావియారు అనే రెండు కొండవాగులు అక్కడ కలుస్తాయి. దేవుడి పేరే చూడండి: నీళ్లను కాసిన అయ్యనారు. మెట్టసీమలో కావలి పొలానికీ పశువులకే కాదు, నీళ్లకూ కావాలి.

ఆల్ప్స్ కొండల ఏళ్లకు ఎండాకాలంలో మంచు కరిగి నీళ్లొస్తాయి. మన కొండల మీద మంచు లేదు, ఉన్నది అడవి. నైరుతి వాన చాలావరకు కేరళ వైపే కురిసిపోతుంది. మనకు అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలల నీటిని అడవి నేల పీల్చుకుని, తర్వాత కొంచెం కొంచెంగా వదులుతుంది. 1988లో అక్కడ శ్రీవిల్లిపుత్తూరు చాంపల్ ఉడుతల అభయారణ్యం వచ్చింది, 2021లో అది మేగమలతో కలిసి పులుల అభయారణ్యమైంది. ఉడుతకూ పులికీ అన్నారు గానీ, మా లెక్కలో అది మన నీళ్ల తొట్టి.

కొండ దిగాక ఏరు ఏరులా ఎక్కువ దూరం పోదు. అడ్డంగా చిన్న ఆనకట్ట, అక్కడి నుంచి కాలువ, కాలువ చివర కన్మాయి. అది నిండితే అలుగు పారి కింది కన్మాయికి. అలా ఒకదాని మిగులు ఇంకొకదానికి. అన్నీ నిండాక మిగిలితేనే వైప్పారు వైపు, సముద్రం వైపు. కృష్ణా గోదావరుల సీమ నుంచి వచ్చామని చెప్పుకునే మనవాళ్లు ఇక్కడ నేర్చుకున్న సేద్యం ఇదే. తూము ఎప్పుడు ఎత్తాలో, ఎవరి మడికి ఎంతసేపు పారాలో నీర్‌పాయ్చి చెప్పేవాడు. మట్టి తీయడానికి ఇంటికో మనిషి వెళ్లేవాడు. ఆ కుడిమరామత్తునే 1858లో చట్టం చేసి నిర్బంధ పని చేశారు. ఇష్టంగా చేసే పనికి చట్టం ఎందుకు అవసరమైందో ఆలోచించాల్సిందే. 2017లో తమిళనాడు ప్రభుత్వం అదే పేరుతో మళ్లీ పథకం తెచ్చింది.

కాగితాల మీద మాత్రం ఊరు తిరుగుతూనే ఉంది. 1910 దాకా తిరునెల్వేలి జిల్లా, తర్వాత రామనాథపురం, 1985 నుంచి ఇప్పటి విరుదునగర్. నీళ్ల తగవు వచ్చినప్పుడల్లా పరుగెత్తాల్సిన కచేరీ మారింది, అంతే.

పెద్ద మార్పు వేరు. 1936లో రాజపాళయం మిల్లు మొదలైంది, దాని వెనకే ఇంకా మిల్లులు, జనం. ఏటి నీళ్లను ఆరో మైలు దగ్గర నిలవేసి పట్టణానికి తాగడానికి ఇచ్చారు. తప్పని మేం అనం, మనమందరం ఆ నీళ్లే తాగి పెరిగాం. తర్వాత తామ్రపర్ణి నీళ్లూ వచ్చాయి. కుళాయిలో నీళ్లొస్తుంటే కాలువ వైపు చూసేవాళ్లు తగ్గారు. కాలువ గట్టు మీద ఒకరు కొబ్బరి పెట్టారు, ఒకరు గోడ కట్టారు. అందులో మనవాళ్లూ ఉన్నారు, దాచడం దేనికి?

పంబ, అచ్చన్‌కోవిల్ నీళ్లను వైప్పారుకు మళ్లించే పథకం గురించి దశాబ్దాలుగా వింటున్నాం. కేరళ ఒప్పుకోవడం లేదు. వాళ్ల నీళ్లు రేపు వచ్చినా పారాల్సింది ఇలా పూడిన కాలువల్లోనే.

ఒక మనవి. మీ ఇంట్లో డెబ్భై దాటిన పెద్దలుంటే, మీ పొలానికి నీళ్లొచ్చిన కన్మాయి పేరు, తూము పేరు, కాలువ ఏ తోట పక్కనుంచి వచ్చేదో అడిగి రాసి పంపండి. తమిళంలో చెప్పినా, మన తెలుగులో చెప్పినా అలాగే రాయండి. వానలు మొదలయ్యేలోపు కొందరం కోవిల దగ్గర నుంచి కిందికి నడుద్దామనుకుంటున్నాం. ఆ పేర్లు చేతిలో ఉంటే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.