ఇసుర్రాయి, గుమ్మి, సొరబుర్ర: మన ఇళ్లలో దాగిన చరిత్ర



వారసత్వ సంపద అనగానే చాలామందికి బంగారు నగలు, రాగి రేకులు, తాళపత్రాలు గుర్తుకొస్తాయి. ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఉన్న మన కోయ, కొండరెడ్డి ఇళ్లలో అలాంటివి వెతికితే దొరికేది తక్కువ. దొరికేవి ఇవి: మూలన పడేసిన ఇసుర్రాయి, చూరుకు వేలాడే సొరబుర్ర, ఖాళీ అయిపోయిన వెదురు గుమ్మి, గోడకు ఆనించిన రోకలి, అటక మీద గుడ్డలో చుట్టి పెట్టిన కొమ్ముల తలపాగా. పాత సామాను అని వీటిని అమ్మేస్తున్నాం, పొయ్యిలో పెడుతున్నాం. కానీ మన తాతముత్తాతల గురించి వాళ్లే మిగిల్చిపోయిన సాక్ష్యం ఇదే. దీన్ని ఎలా చదవాలో ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

కాగితాల మీద మనం

మన గురించి కాగితాలు లేవని కాదు. ఉన్నాయి. అవి ఒక్కచోట లేవు, మన వాళ్లు రాసినవీ కావు. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1860లో నిజాం నుంచి ఇంగ్లీషు వాళ్ల చేతికి వెళ్లి, మొదట నాగపూర్ కేంద్రంగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉన్నాయి. 1874లో మద్రాసు రాష్ట్రంలోని గోదావరి జిల్లాలో కలిశాయి. 1959లో ఖమ్మం జిల్లాలోకి వచ్చాయి. నదికి ఈ పక్కన పాల్వంచ వైపు పల్లెలు మాత్రం 1948 దాకా నిజాం రాజ్యంలోనే ఉన్నాయి. 2014లో పోలవరం ముంపు కారణంగా కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వర రామచంద్రపురం మండలాలతో పాటు మరికొన్ని గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. అక్క ఒక రాష్ట్రంలో, చెల్లె ఒక రాష్ట్రంలో ఉన్న కుటుంబాలు మనలో ఎన్నో.

రాసినవాళ్లూ బయటివాళ్లే. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలో కోయల గురించి రాశాడు. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940ల మొదట్లో పాపికొండల దగ్గర కొండరెడ్ల పల్లెల్లో తిరిగి, 1945లో వాళ్ల మీద పెద్ద పుస్తకం వేశాడు. జీలుగు చెట్టు వాళ్లను ఎలా బతికించిందో, కలప వ్యాపారులు వాళ్లను అప్పుల్లో ఎలా బిగించారో రాశాడు. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని స్కూల్ ఆఫ్ ఓరియంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లో ఉన్నాయి. ఆ రాతలు విలువైనవే. అయితే ఫొటోలో రోట్లో దంచుతున్న ఆడమనిషి కనిపిస్తుంది గానీ, ఆమె ఏ గింజ దంచుతోంది, ఆ గింజ ఏ చెలకలో పండింది, ఎన్నిసార్లు చెరిగితే పొట్టు పోతుంది అన్నది అందులో ఉండదు. అది మన అవ్వల చేతుల్లో ఉంది.

సొరబుర్రలో విత్తనం

మన ఇంటి వస్తువుల్లో అన్నిటికన్నా విలువైనది చూడటానికి అన్నిటికన్నా చవకది. ఎండిన సొరకాయ. గుజ్జు తీసి ఆరబెడితే నీళ్లకు, కల్లుకు బుర్ర అయ్యేది. అడ్డంగా కోస్తే జావ పోసుకునే డోకి అయ్యేది. మూతి బిగిస్తే విత్తనాల పెట్టె అయ్యేది. విత్తనాలలో బూడిద కలిపి, బుర్రలో పోసి, పొయ్యికి పైన వేలాడగట్టేవారు. బూడిద తేమను పీల్చుతుంది, పొగ పురుగును దగ్గరికి రానివ్వదు. కొందరు విత్తనాలను ఆకుల్లో చుట్టి, నారతో కట్టి, అదే పొగలో పెట్టేవారు.

ఆ బుర్రల్లో ఒక్క పంట కాదు, ఒక చెలకకు సరిపడా పంటలుండేవి. జొన్న, సామ, కొర్ర, కంది, బొబ్బర, అనుము. పోడు చెలకలో వీటిని కలిపి చల్లేవారు. ఒకటి తొందరగా కోతకొస్తుంది, ఒకటి ఆలస్యంగా వస్తుంది. వాన ముందే ఆగిపోతే సామ మిగులుతుంది, వాన ఎక్కువైతే మరొకటి నిలబడుతుంది. చెలక మధ్య మంచె, మంచె మీద వడిసెల పట్టుకున్న పిల్లలు, పిట్టలను అదిలించే కేకలు: ఇది మన పెద్దల చిన్నతనం.

విజ్జ పండుం మూలం ఇక్కడే ఉంది. తొలకరికి ముందు ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి వేల్పు ముందు పెట్టి, పూజ చేసి, మళ్లీ పంచుకుంటాం. భక్తితో చేసే ఈ పనిలో వ్యవసాయ జ్ఞానం కూడా ఉంది. ఒకరి ఇంట్లో విత్తనం పురుగు పట్టినా ఊరిలో విత్తనం పోదు. కొత్తల పండుగ కూడా అంతే. వేల్పుకు పెట్టకముందు కొత్త పంటను ముట్టుకోకపోవడం వల్ల ముదరని కాయను ఆకలితో తెంపేయడం ఆగుతుంది, చెట్టు మీదే విత్తనం ముదురుతుంది.

ఇసుర్రాయి చెప్పేది

మా నాయినమ్మ ఇసుర్రాయి ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పై రాయికి ఉన్న కర్ర పిడి, చేయి పడిన చోట అరిగి సన్నబడింది. కోడి కూయకముందే లేచి, ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఇసిరేవారని మా అమ్మ చెప్పేది. జొన్నలు బరకగా ఇసిరితే గట్క, మెత్తగా ఇసిరితే జావకు పిండి. పొద్దున తాగే అంబలి, ముందు రోజు రాత్రే కుండలో పులవబెట్టింది. చెలకకు పోయేవాళ్లు అదే అంబలిని బుర్రలో పోసుకుపోయేవారు. మధ్యాహ్నం చెట్టు కింద మోదుగాకు డొప్పలో పోసుకుని, పచ్చిమిరపకాయ, ఉప్పు నంజుకుంటే కడుపు చల్లబడేది. సాయంత్రం గట్కలోకి చింతపండు పులుసో, కందిపప్పో, అడవి నుంచి తెచ్చిన బోడకాకరో, వానాకాలంలో వెదురు కొమ్ముల కూరో ఉండేది.

ఈ మాటలు వింటుంటే నోరూరుతుంది. కానీ ఆ పిడి అంతగా అరిగిందంటే ఎన్ని తెల్లవారుజాములు పోయాయో కూడా చూడాలి. సామలు దంచి పొట్టు తీయడం నడుములు విరిచే పని. ఆ పనంతా ఆడవాళ్లదే. రాళ్లు నున్నబడితే మళ్లీ గంట్లు కొట్టించాలి. మిల్లు వచ్చినప్పుడు మన అవ్వలు సంతోషించారు. అందులో తప్పేమీ లేదు. పాతకాలమంతా బంగారమని చెప్పుకోవడం వాళ్ల కష్టాన్ని దాచిపెట్టడమే అవుతుంది.

ఆకలి నెలల వంట

గుమ్మి గురించి కూడా ఇలాగే నిజం చెప్పుకోవాలి. వెదురుతో అల్లి, లోపలా బయటా పేడతో అలికిన గుమ్మి నిండితే ఇల్లు నిండినట్టు. కానీ ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి చాలా ఇళ్లలో గుమ్మి అడుగు కనిపించేది. కొత్త పంట ఇంకా చేతికి రాదు. ఆ నెలలకు మన పెద్దలు ఎండాకాలంలోనే సిద్ధమయ్యేవారు.

ఫాల్గుణ, చైత్ర మాసాల్లో ఇప్పపువ్వు రాలుతుంది. చెట్టు కింద ఆకులు ఊడ్చి, తెల్లవారుజామున పువ్వు ఏరి, ఎండబెట్టి దాచేవారు. ఉడికించి తినేవారు, వేయించి దంచేవారు, జొన్నలో కలిపి వండేవారు. బయటివాళ్లకు ఇప్ప అంటే సారా ఒక్కటే గుర్తొస్తుంది, మనకు అది ముందు తిండి. తొలకరి దాటాక ఇప్పగింజ. దాన్ని దంచి, ఆవిరి పట్టి, పిండితే నూనె. చలికి నెయ్యిలా పేరుకునే ఆ నూనె కూరకూ దీపానికీ పనికొచ్చేది.

మామిడి పళ్లు తిన్నాక టెంకలు పారేసేవారు కాదు. పగలగొట్టి, లోపలి జీడిని ఎండబెట్టి, నీళ్లలో నానబెట్టి వగరు పోగొట్టి, దంచి జావ కాచేవారు. చేదు దుంపలను పలుచగా కోసి, వాగు నీటిలో ఉంచి, మళ్లీ ఉడకబెట్టేవారు. ఆ వరుసలో ఒక్క మెట్టు తప్పినా తిన్నవాళ్లకు ప్రమాదం. కొండరెడ్లు జీలుగు చెట్టు నుంచి కల్లు తీయడమే కాదు, కరువులో ఆ చెట్టును కొట్టి, మొద్దు లోపలి గుజ్జును దంచి, కడిగి, ఆరబెట్టి పిండి చేసుకునేవారు. ఏ పుస్తకంలోనూ చదవకుండా, ఏ చెట్టును ఏ నెలలో ఎలా తినాలో తెలిసినవాళ్లు వాళ్లు.

కొమ్ములు, పడిగె, చెట్టు

వంటింటి బయట ఉన్న వారసత్వం మరొకటి. కొమ్ము నృత్యానికి పెట్టుకునే అడవిదున్న కొమ్ముల తలపాగా తాత నుంచి మనవడికి వస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత అడవిదున్న వేట నేరం. కనుక కొత్త కొమ్ములు రావు. ఉన్న జత పగిలితే, అమ్ముడుపోతే, ఆ ఇంటికి అంతటితో అయిపోయినట్టే.

పడిగె ఇంకా పెద్ద గ్రంథం. గట్టు గట్టుకూ ఉన్న ఇలవేల్పుల కథలు ఆ గుడ్డ మీద బొమ్మలుగా ఉంటాయి. పడిగె విప్పి, డోలు కొట్టి, కథ పాడేవాళ్లుంటేనే ఆ బొమ్మలు మాట్లాడతాయి. మణుగూరు మండలం కూనవరం గ్రామానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు మన వీరుల, వేల్పుల కథలను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. బిరుదు కాగితం మిగిలింది, ఆయన గొంతులో ఉన్న కథల్లో ఎన్నింటిని మనం నేర్చుకున్నాం?

ఇక చెట్టు. చాలా గూడేల్లో తాటిచెట్లను ఇళ్లవారీగా పంచుకుంటారు. తండ్రి గీసిన చెట్టు కొడుకు గీస్తాడు. ఫలానా ఇప్పచెట్టు ఫలానా ఇంటిదని ఊరంతటికీ తెలుసు. పునరావాస కాలనీకి వెళ్లిన మన బంధువులు ఇసుర్రాయిని ట్రాక్టర్ మీద వేసుకుపోగలిగారు. ఇప్పచెట్టును ఎలా తీసుకుపోతారు?

ఎలా జారిపోయింది?

ఒక్క రోజులో పోలేదు. 1882 మద్రాసు అటవీ చట్టంతో మొదలుపెట్టి పోడు మీద ఆంక్షలు పెరుగుతూ వచ్చాయి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి నెలల్లో ఆ బియ్యం ఎన్నో ప్రాణాలు నిలిపింది, దాన్ని తక్కువ చేయకూడదు. దాంతోపాటే జొన్న, సామ కంచం నుంచి పక్కకు తప్పుకున్నాయి. తినని గింజను ఎవరూ విత్తరు. చెలకల్లో పత్తి, మిరప వచ్చాక విత్తనం సంచిలో కొనుక్కొచ్చేదయింది, సొరబుర్ర ఖాళీ అయింది. గోదావరి తన వంతు తాను తీసుకుంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు. ఏటి ఒడ్డు గూడేల్లో గుమ్ములు, విత్తనాలు, పడిగెలు ఆ నీళ్లలో పోయాయి.

తాత మాటకు చట్టంలో చోటుంది

ఇదంతా జ్ఞాపకాల కోసమే అనుకోవద్దు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వ నియమాన్ని చదవండి. హక్కుకు ఆధారంగా ప్రభుత్వ కాగితాలతో పాటు, హక్కుదారు కాని పెద్దలు చెప్పగా రాసుకున్న వాంగ్మూలాన్ని, పాత బావులు, శ్మశానాలు, వేల్పు స్థలాలను, చెలకలో వేసిన గట్లను, వంశవృక్షాన్ని కూడా చూడవచ్చని అందులో ఉంది. అంటే మీ తాత నోటి మాటకు విలువ ఉంది. కానీ అది ఆయన బతికుండగా రాసుకుంటేనే. ఏ చెలకలో ఏ ఏడు సామ వేశారు, విజ్జ పండుం ఏ చెట్టు కింద చేశారు, మంచె ఎక్కడుండేది అన్న కబుర్లే రేపు ఒక కుటుంబానికి నిలువనీడ కావచ్చు.

అందుకే ఈ సెలవుల్లో ఒక పని పెట్టుకోండి. ఇంట్లో ఉన్న ఒక్క పాత వస్తువును తీసుకుని అవ్వ దగ్గర, తాత దగ్గర కూర్చోండి. దాన్ని కోయలో ఏమంటారు, ఎవరు చేశారు, ఎవరి నుంచి వచ్చింది, దానితో ఏం వండారు, ఆ గింజ ఎక్కడ పండింది అని అడగండి. ఫోన్‌లో వాళ్ల గొంతు రికార్డు చేయండి. పేరు, ఊరు, తేదీ రాసి, పెద్దల వేలిముద్రో సంతకమో తీసుకుని, ఒక ప్రతి గ్రామసభకు ఇవ్వండి. కొమ్ములు, పడిగెలు ఎవరు ఎంత ధర చెప్పినా అమ్మవద్దు. ప్రపంచమంతా 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది, పట్నం దుకాణాల్లో మన సామలు, కొర్రలు ఇప్పుడు బియ్యం కన్నా ఎక్కువ ధర పలుకుతున్నాయి. పెరట్లో రెండు సాళ్లు వేసి, పండిన దానిలో ఒక దోసెడు గింజలను బూడిద కలిపి దాచండి. వచ్చే విజ్జ పండుంకు ప్రతి ఇంటి నుంచి కొన్న విత్తనం కాక, ఇంట్లో దాచిన విత్తనం ఒక్క పిడికెడైనా వేల్పు ముందుకు రావాలి.