దూరపు కటకము – దగ్గఱి ముఖము

బాణాసురుని కుమార్తెయగు ఉషాకన్యకు స్వప్నమునందు గానవచ్చిన పురుషు డెవ్వడో తెలిసికొనుటకై, ఆమె చెలికత్తె చిత్రరేఖ రూపవంతులగు రాజకుమారులను పటముపై వ్రాసి చూపిన కథ మన పల్లెలలో నెఱుగనివారు లేరు. అట్లు వ్రాయబడినవారిలో నొక్కడును చిత్రరేఖ యెదుట కూర్చుండలేదు. దూరమున నున్నవాని ముఖమును దగ్గఱకు దెచ్చుట ఆమె నేర్చిన విద్య. ముఖము దొరకిన పిదప ఆమె ద్వారకకు బోయి, నిద్రించుచున్న అనిరుద్ధుని శోణితపురమునకు దెచ్చెను. నిద్రించువాని సమ్మతి నెవ్వ రడిగిరి? ఈ ప్రశ్న పురాణముతో తీరిపోలేదు. దూరమునుండి ముఖమును పట్టగల గాజుసాధనము మనుష్యుని చేతికి వచ్చిన నాటినుండి అది మఱల మఱల లేచుచునే యున్నది.

గ్రామపెద్దలారా! ఆ సాధనమును టెలిఫోటో కటక మందురు. 2022వ సంవత్సరమున నేర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోని అరకులోయకు శీతకాలమున వలిసెపూల పసుపును జూడవచ్చువారి మెడలలో, చేతితో త్రిప్పి సరిచేసికొనవలసిన పాతకాలపు కటకములు కొన్ని నేడును గానవచ్చుచున్నవి. ఆ ప్రాంతమున తెలుగు పండితుడనుగా పాఠములు చెప్పిన దినములనుండి నాకు వానియందు కుతూహలము కలదు. అవి యెట్లు పుట్టినవి, మనుష్యుని ముఖమునకును వానికిని సంబంధ మేమి, మన తూర్పుకనుమల జనుల ముఖములు చిత్రములలోని కెట్లు చేరినవి అను మూడు సంగతులను మీకు మనవి చేసెదను.

మన పూర్వులు ముఖచిత్రమునకు శాస్త్రము చెప్పియున్నారు. పండ్రెండవ శతాబ్దమునందు చాళుక్య చక్రవర్తి సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున, అద్దములోని ప్రతిబింబమువలె పోలిక కుదిరిన చిత్రమునకు విద్ధచిత్రమని పేరు. పోలిక కుదురుట యెట్లనునది అసలు చిక్కు. దీనిని లెక్కతో జూతము. ముక్కుకొనకును చెవికిని నడుమ సుమారు అయిదంగుళముల దూర మనుకొందము. ముక్కునకు పదునెనిమిది అంగుళములలో యంత్రము నుంచినచో చెవి ఇరువదిమూడు అంగుళముల దూరమున నుండును. దూరమును బట్టి వస్తువు చిన్నదిగా గానవచ్చును గనుక, చెవి ముక్కుకంటె సుమారు అయిదవ వంతు కుంచించుకొనిపోవును. ముక్కు వంకాయవలె ఉబ్బును. చెవులు తలవెనుకకు దాగును. అదే యంత్రమును పది అడుగుల దూరమున నుంచినచో ఆ భేదము ఇరువదియైదవ వంతు మాత్రమే యగును. ముఖము మనము నిత్యము చూచు తీరుననే నిలుచును.

కాబట్టి పోలికను కాపాడునది దూరముగాని కటకముకాదు. అయితే పది అడుగులు వెనుకకు జరిగినచో సామాన్యకటకములో ముఖము చిన్నదైపోవును. ఆ దూరమునుండియే ముఖమును పెద్దదిగా జూపుటకు దీర్ఘమైన నాభ్యంతరము గల కటకము వలయును. ముఖచిత్రమునకు దూరపుకటకము వలయుననుటలోని రహస్య మింతియే.

ఇక చరిత్ర. 1839లో పారిసునగరమున దాగెరు విద్య లోకమునకు వెల్లడియైనపుడు, ఒక చిత్రము పడుటకు చాలసేపు పట్టెడిది. మనుష్యుడు కదలక కూర్చుండుట దుర్లభము. మరుసటి యేట, అనగా 1840లో, వియన్నా విశ్వవిద్యాలయమున గణితాచార్యుడగు జోసెఫ్ పెట్జ్వాలు లెక్కలు కట్టి యొక ముఖచిత్రకటకమును నిర్మింపజేసెను. అది పూర్వపు కటకములకంటె అనేకరెట్లు ఎక్కువ వెలుతురును లోనికి గ్రహించెను. దానివలన కూర్చుండు కాలము నిమిషములనుండి క్షణములకు దిగినది. ముఖముయొక్క నడిమిభాగము స్ఫుటముగాను, అంచులు మెత్తగాను ఉండు ఆ చిత్రములను నేటికిని రసికులు మెచ్చుకొందురు.

కుంభాకారకటకము వెనుక పుటాకారకటకమును చేర్చినచో పెద్దబింబము పడునని 1611లోనే కెప్లరు చెప్పియుండెను. ముందరి గాజు కిరణములను ఒకచోటికి మలచును. వెనుకటి గాజు వానిని కొంచెము విప్పును. అందువలన కిరణములు ఎంతో దూరమునుండి మలగి వచ్చినట్లే బింబము పెద్దదగును. గొట్టముమాత్రము పొట్టిగానే యుండును. ఈ సూత్రమును ఛాయాచిత్రణమునకు 1891లో లండనున డాల్‌మేయరును, మ్యూనికున స్టైన్‌హైలును, బెర్లినున మీతేయును ఇంచుమించు నొకేకాలమున వేర్వేఱుగా కుదిర్చిరి. అయితే దీనికొక వెల కలదు. అదే కటకమునకు వెనుకగాజును తగిలించి బింబమును రెట్టింపు చేసినచో వెలుతురు నాలుగవ వంతునకు తగ్గును. కావున మొదట నీ కటకములు కదలని కొండలకును, గోపురములకును మాత్రమే పనికివచ్చినవి.

1925లో లైకా అను చిన్నయంత్రము అంగడికి వచ్చెను. 1930 నుండి దానికి కటకములను మార్చుకొను వీలు కలిగెను. 35 మిల్లీమీటర్ల పటలముపై 85 మొదలు 135 మిల్లీమీటర్ల వఱకు నాభ్యంతరముగల కటకములు ముఖచిత్రమునకు తగినవని ఛాయాగ్రాహకులు తేల్చుకొనిరి. జర్మనీలో బెర్తెలె యను శాస్త్రజ్ఞుడు కల్పించిన సోన్నార్ కటకము రెండవ ప్రపంచయుద్ధానంతరము సోవియట్ దేశమున జూపిటరు అను పేరుతో వెలువడెను. జపానునందును ఆ పోలికతో 1953లో 105 మిల్లీమీటర్ల నిక్కోరు కటకము పుట్టెను. నేడు పడుచువారు పాతసంతలలో కొనుచున్న కటకములు పెక్కు ఈ వంశములకు చెందినవే. నడుమ నొక యిత్తడి లేక అల్యూమినియము కట్టు నుంచి వానిని నేటి యంత్రములకు తగిలింతురు.

గాజు కథ యిట్లుండగా, మన కొండలలోని ముఖముల కథ వేఱుగా నడచినది. 1868 మొదలు 1875 వఱకు ఆంగ్లప్రభుత్వము భారతజనుల ఛాయాచిత్రములతో ఎనిమిది సంపుటముల గ్రంథమును ప్రకటించెను. అందలి యుద్దేశము స్నేహము కాదు. ఏ జాతివా డెట్టివాడో పాలకులు గుర్తించుట. 1885లో చెన్నపట్టణపు ప్రభుత్వ ప్రదర్శనశాలకు అధ్యక్షుడైన ఎడ్గారు థర్‌స్టను రంగాచారి సాయముతో 1909లో దక్షిణదేశపు కులములు తెగలను గూర్చి ఏడు సంపుటములు వెలువరించెను. విశాఖపట్టణపు మన్యములోని గదబలను గూర్చి అందు వివరము కలదు. స్త్రీల నారవస్త్రములును, చెవుల ఇత్తడితీగ చుట్లును అందు వర్ణింపబడినవి. అది మిక్కిలి శ్రమతో గూర్చిన గ్రంథమే. కాని చాలచోట్ల చిత్రముక్రింద తెగపేరు తప్ప మనిషిపేరు కానరాదు. వయనాడునందు పణియ స్త్రీలు తన్ను జూచి, తమలో మంచివారిని బట్టి ప్రదర్శనశాలలో చర్మములో గడ్డి కూరి నిలుపుటకు వచ్చినాడని భయపడి పరుగెత్తిరని థర్‌స్టనే వ్రాసికొనెను. ఆయన దానిని వినోదముగా జెప్పెను. ఆ స్త్రీల ఊహ మాత్రము నాకు హాస్యముగా దోపదు. పేరులేని ముఖమును అద్దాలపెట్టెలో నుంచుటకును వారు భయపడినదానికిని దూర మెంత?

దీనికి భిన్నమైన మార్గమును చూపినవాడు క్రిస్టఫు ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫు. పెట్జ్వాలు కటకము పుట్టిన వియన్నానగరముననే ఈయన 1909లో జన్మించెను. 1939లో యుద్ధము వచ్చుటచే ఆంగ్లప్రభుత్వ మాయనను శత్రుదేశీయునిగా నెంచి హైదరాబాదు రాజ్యమును దాటరాదని కట్టడిచేసెను. ఆ నిర్బంధమే మనకు వరమైనది. నల్లమల చెంచులను, పాపికొండల కొండరెడ్లను, ఆదిలాబాదు రాజగోండులను ఆయన వారి గ్రామములలోనే నివసించి తెలిసికొనెను. ఆయన గ్రంథములు 1943, 1945, 1948 సంవత్సరములలో వెలువడినవి. ఒడిస్సాలోని గదబలు, బోండోలు శిలలు నిలిపి జరుపు పితృకర్మలను గూర్చియు 1943లో నాయన వ్యాసము వ్రాసెను. ఆ గదబల చుట్టములు మన అరకుప్రాంతమునందును కలరు.

హైమండార్ఫు కేవలము చూచి పోయినవాడు కాడు. గోండీభాష నేర్చెను, మార్లవాయి గ్రామమున గోండుపిల్లల చదువునకు పాఠశాల నెలకొల్పించెను, దశాబ్దములు గడచినను మఱల మఱల వచ్చి, తా నెఱిగినవారి స్థితి యెట్లు మాఱినదో పరిశీలించెను. ఆయన భార్య బెట్టీ 1987లో మరణింపగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. 1995లో గతించిన ఆయన అస్థికలును 2012లో అచటికే చేరినవి. గోండులు నేటికిని వారి వర్ధంతిని జరుపుకొనుచున్నారు. ఆయన తీసిన ఛాయాచిత్రములు లండను విశ్వవిద్యాలయపు ప్రాచ్య ఆఫ్రికా విద్యాపీఠమున భద్రముగా నున్నవి. చిత్రములు లండనునం దున్నను, తీసినవాడు మార్లవాయిలో నున్నాడు. మనుష్యులకును చిత్రకారునికిని నడుమ ఋణము తీరుట యన నిట్టిది.

ఋణము తీరని కథయు నొకటి చెప్పవలసియున్నది. 1984లో పెషావరు సమీపమున శరణార్థుల శిబిరమున స్టీవ్ మెక్కరీ యను అమెరికా ఛాయాగ్రాహకుడు 105 మిల్లీమీటర్ల నిక్కోరు కటకముతో నొక ఆఫ్ఘను బాలికను చిత్రించెను. 1985 జూనులో ఆ ముఖము నేషనల్ జాగ్రఫిక్ పత్రిక యట్టపై లోకమంతట చూడబడెను. పదునేడేండ్లపాటు ఆమె పేరు లోకమునకు తెలియలేదు. 2002లో నామెను వెదకి పట్టుకొనినపుడు, ఎవరో పరాయివాడు తన బొమ్మ తీయుట తనకు కోపము తెప్పించినదని ఆమె చెప్పినట్లు అదే పత్రిక ప్రకటించెను. లోకము ఆ కన్నులలో భీతిని, సౌందర్యమును చదివెను, ఉన్నదేమో కోపము. కటకము ముఖమును తప్పక పట్టెను. మనస్సును తెలిసికొనుట మాత్రము కటకముపని కాదు గదా!

పాతకటకముతో పనిచేయు పడుచువారు నాతో నొకమాట చెప్పుదురు: దీనితో దొంగబొమ్మ తీయుట కష్టము. అది చాలవఱకు నిజమే. 135 మిల్లీమీటర్ల కటకమును పూర్తిగా విప్పి, ఆఱున్నర అడుగుల దూరమున ముఖమును చూచినచో, స్ఫుటముగా పడు లోతు సుమారు అంగుళమున్నర మాత్రమే. కన్ను స్ఫుటమైనచో చెవి మసకబాఱును. కూర్చున్నవారు కొంచెము ముందునకు వంగినను బొమ్మ చెడును. కావున చేతితో త్రిప్పువాడు మెల్లగా త్రిప్పవలెను, కూర్చున్నవారు ఓర్చుకొనవలెను, ఇరువురును ఒకరి నొకరు కొంతసేపు చూచుకొనవలెను. ఎండలో గాక పాకచూరు నీడలో కూర్చుండబెట్టుట, ద్వారమును కొంచెము మూసి లోతును పెంచుకొనుట, కన్నునే గుఱిగా పెట్టుకొనుట, వానకాలమున కటకములోనికి బూజు చేరకుండ పొడిగా దాచుట – ఈ నాలుగును తెలిసిన చాలును. నేటి స్వయంచాలక కటకమన్ననో, సంతలో ఈ చివరనుండి ఆ చివర బేరమాడుచున్న స్త్రీ ముఖమును ఱెప్పపాటున పట్టగలదు. ఆమెకు తెలియనే తెలియదు.

అయినను నిదానమొక్కటే చాలదు. థర్‌స్టను కాలపు యంత్రము లింకను నిదానమైనవి. ఆ కాలమున కూర్చున్నవా రందఱును యంత్రమును చూచుచునే కూర్చుండిరి. అయినను వారి పేళ్లు నిలువలేదు. దూరము పోలికను ఇచ్చును. నిదానము పరిచయమునకు చోటిచ్చును. న్యాయము మాత్రము తీసినవాడే చేయవలెను.

కొత్తవలసనుండి కిరండూలునకు 1960వ దశకమున ఇనుపదారి పడినది మొదలు అరకునకు చూడవచ్చువారి సంఖ్య పెరుగుచునే యున్నది. ఒకమాఱు గదబవాడలో నొక ముదుసలి నాతో, “బాబూ, నా బొమ్మ అట్టుకెల్లినోలు శానామంది. ఇంతవరకు ఎవుడూ తెచ్చివ్వనేదు” అన్నది. ఆమె యింట గోడపై పెనిమిటి బొమ్మ లేదు, తల్లి బొమ్మ లేదు. ఆమె ముఖము మాత్రము ఏయే పట్టణములలో ఏయే గోడల నున్నదో! మన యిండ్లలో తాతముత్తాతల పటములకు పండుగనాడు బొట్టు పెట్టుదుము. ఎక్కువగా చిత్రింపబడిన జనులకే తమ పెద్దల చిత్రములు లేకుండుట ఎంత విపరీతము!

కాబట్టి పెద్దలగు మీతో నా విన్నప మిది. మీ గ్రామమునకు ఛాయాగ్రాహకుడు వచ్చినచో వానిని తఱుమవలదు; అట్లని ఊరక పోనీయవలదు. ముందు కూర్చుండబెట్టి సమ్మతి యడుగుమని చెప్పుడు. తీసిన బొమ్మ నొక ప్రతి కాగితముపై ముద్రించి యింటివారికి పంపుమని మాట తీసికొనుడు. బొమ్మవెనుక ఆ మనిషి పేరును, ఊరిపేరును, తేదీని వ్రాయుడని యడుగుడు. మీ యింట నిదివఱకే యున్న పాతపటములను నేడే దింపి, ఎఱిగినవారు బ్రదికియుండగానే వెనుక పేళ్లు వ్రాసి యుంచుడు. ఎఱిగిన వృద్ధు డొకడు పోయినచో ఆ ముఖము పేరులేనిదై పోవును.

చిత్రరేఖ వ్రాసిన పటములలో నొక్క అనిరుద్ధుని ముఖమే ఉషకు వలసినది. మిగిలిన ముఖములు కథకు అంతగా అక్కఱలేకపోయినవి. మన కొండలయందలి వారికిని, మన గ్రామములయందలి వారికిని అట్టి గతి పట్టకుండ జూచుట మన చేతిలోనిదని మనవి చేయుచు సెలవు గైకొనుచున్నాను.